దుప్పుల లెక్క - విల్లమ్ముల వేట

తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల దుప్పి. వాడుకలో దీనిని జింక అందురు. ఈ జంతువు ఒకచోట ఎక్కువైనను చిక్కే, మరియొకచోట తక్కువైనను చిక్కే. ఈ రెండు చిక్కులకు మూలమైన జీవశాస్త్ర సూత్రము ఒక్కటే. దానిని తెలిసికొన్నచో, అమెరికా పట్టణములలో దుప్పులను విల్లమ్ములతో ఏల వేటాడించుచున్నారో, భూపాలపల్లి అడవులకు ఆ పద్ధతి ఏల పనికిరాదో బోధపడును.

పెరుగుదల లెక్క

ఒక కంచె లోపల 100 దుప్పులు కలవనుకొందము. అందు మగవి 40, ఆడవి 60. మూడు ఆడ దుప్పులలో రెండు, ఏటికి ఒక్కొక్క పిల్లను పెంచి పెద్దచేసినచో 40 కొత్త దుప్పులు చేరును. ముసలితనము చేతను, జబ్బు చేతను 10 చచ్చినను మరుసటి సంవత్సరమునకు మంద 130 అగును. ఈ విధముగ సాగినచో మూడేండ్లు నిండకముందే మంద రెట్టింపగును.

ఇప్పుడు 20 మగ దుప్పులను తీసివేసినామనుకొందము. ఒక మగ దుప్పి పెక్కు ఆడవానితో జతకూడును గనుక, పుట్టు పిల్లల సంఖ్య 40 గానే ఉండును. అట్లుగాక 20 ఆడ దుప్పులను తీసివేసినచో పిల్లలు 27కు తగ్గును. మందను అదుపుచేయునది కొమ్ములు గల మగ దుప్పుల సంఖ్య కాదు, ఆడవాని సంఖ్య. కొమ్ములకై చేయు వేట మంద పెరుగుదలను ఆపలేకపోవుటకు ఇదియే కారణము.

అడవిలో ఈ లెక్కను సరిదిద్దునవి పెద్దపులి, చిరుత, రేచుకుక్క. అవి లేనిచోట మేత తరుగుటయే లెక్కను సరిదిద్దును. అది మిక్కిలి క్రూరముగ సరిదిద్దును. అలాస్కాకు చెందిన సెయింట్ మాథ్యూ ద్వీపములో 1944లో 29 ధ్రువపు దుప్పులను వదలిరి. అచట వానిని తిను మృగము లేదు. 1963 నాటికి అవి సుమారు 6,000 అయినవి. మేత అడుగంటినది, కఠినమైన చలికాలము వచ్చినది. 1966లో లెక్కించినప్పుడు మిగిలినవి 42 మాత్రమే.

మన దేశములోను ఇట్టి ఉదాహరణము కలదు. తెలుగువారు పలువురు స్థిరపడిన అండమాన్ దీవులకు చుక్కల దుప్పి సహజ జంతువు కాదు. ఆంగ్లేయులు వేట వినోదమునకై దానిని అచట ప్రవేశపెట్టిరి. పులి లేని ఆ దీవులలో దుప్పులు వ్యాపించి, మొలకలను మేసివేసి, అడవిలో కొత్త చెట్లు ఎదుగకుండ చేయుచున్నవి. అదుపుచేయుటకై చిరుతలను వదలిన ప్రయత్నము ఫలించలేదు.

పట్టణములో విలుకాడు

అమెరికాలో తోడేళ్లను మానవుడు చాలవరకు నిర్మూలించెను. పిమ్మట తెల్లతోక దుప్పి పట్టణముల తోటలలోనికి వచ్చినది. అచట రోడ్లపై దుప్పులు వాహనములకు తగిలి జరుగు ప్రమాదములు ఏటా పది లక్షలకు పైగా ఉండును. లైమ్ వ్యాధిని అంటించు పిడుదులు దుప్పుల రక్తము త్రాగి వృద్ధిపొందును. న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ వంటి పట్టణములు దుప్పులను తగ్గించుటకు ప్రత్యేక కార్యక్రమములు చేపట్టవలసి వచ్చినది.

ఇండ్ల నడుమ తుపాకి ప్రేల్చుట అపాయము. గుండు మైళ్ల దూరము పోగలదు. బాణపు వేటు పనిచేయునది సుమారు ముప్పది గజముల లోపలనే. విలుకాడు చెట్టుపై మంచె కట్టుకొని క్రిందికి ఎక్కుపెట్టును. గురి తప్పినను బాణము నేలలో గ్రుచ్చుకొనును. చప్పుడు ఉండదు. పెక్కు పట్టణములలో విలుకాండ్రు ముందుగా గురి పరీక్షలో నెగ్గవలెను. ఆడ దుప్పులనే ముందు కొట్టవలెనను నియమము కూడ పలుచోట్ల కలదు. మాంసమును పేదలకు పంచుదురు.

ఈ పద్ధతికి లోపములు లేకపోలేదు. గాయపడి తప్పించుకొను దుప్పులు బాధపడును. మిగిలినవి జాగ్రత్త నేర్చి, వేట లేని పెరటిలోనికి చేరును. ఒక ఏడు మానినచో లెక్క మరల మొదటికి వచ్చును.

మన అడవుల సంగతి

మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ప్రాణాపాయము వంటి ప్రత్యేక పరిస్థితులలో మాత్రమే ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు అనుమతి ఈయవచ్చును. కాని చట్టమొక్కటే కారణము కాదు. మన లెక్కయే వేరు.

ఒక పెద్దపులికి ఏటికి సుమారు 50 దుప్పులంత జంతువులు ఆహారముగ కావలెను. మంద తరుగకుండ ఆ ఆహారము దొరకవలెనన్నచో అడవిలో దాదాపు 500 ఉండవలెను. ఇటీవలి సంవత్సరములలో గోదావరి తీరపు అడవుల మీదుగా పులులు భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ వైపు వచ్చుచున్నవి. ఏటూరునాగారము, పాకాల అభయారణ్యములు ఆ ప్రాంతమునకు ఆధారములు. దొంగవేట వలనను, అడవి తరుగుట వలనను అచట దుప్పులు పలుచబడినవి. మేత లేని పులి పశువులపై పడును. రైతునకు నష్టము, పులికి అపాయము. పొలములు, గుట్టలే ఎక్కువైన జనగామ వైపు అట్టి దట్టమైన అడవియే లేదు.

దుప్పులు పెరుగునది కంచె వేసిన ఉద్యానములలో. 1994లో జాతీయోద్యానములైన మహావీర్ హరిణ వనస్థలి, మృగవని రెండును హైదరాబాదు అంచుననే కలవు. కావున ఇచట తగిన మార్గము చంపుట కాదు, తరలించుట. దుప్పి మిక్కిలి పిరికిది. తరిమి పట్టినచో భయముచే దాని కండరములు దెబ్బతిని, కొన్ని గంటలకో దినములకో చచ్చును. అందుచే ఆఫ్రికాలో పుట్టిన ‘బోమా’ పద్ధతిని మధ్యప్రదేశ్ అటవీశాఖ చేపట్టినది. గరాటు ఆకారములో తడికెల దడి కట్టి, లోపల మేత పెట్టి కొన్నాళ్లు అలవాటు చేయుదురు. పిమ్మట చేతితో తాకకయే సన్నని కొస ద్వారా వాహనములోనికి ఎక్కింతురు. రోగములు లేవని పరీక్షించుట, అడవిలో మొదట కంచె లోపల ఉంచి తరువాత వదలుట కూడ అవసరము.

ఇంత శ్రమపడి వదలిన దుప్పి ఉచ్చులో పడినచో ఫలమేమి? జంతువులకై దొంగతనముగ వేయు విద్యుత్తు తీగ దుప్పిని, పులిని, మనిషిని వేరుచేసి చూడదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో అట్టి తీగ తగిలి గ్రేహౌండ్స్ దళపు కానిస్టేబు ఒకరు మరణించిరి.

ఉపాధ్యాయులు పై లెక్కను చింతగింజలతో తరగతిలో చేయించవచ్చును. నల్లని గింజలు 60 ఆడవి, అరగదీసిన గింజలు 40 మగవి. ఏటికొకసారి పుట్టినవానిని చేర్చి, చచ్చినవానిని తీయవలెను. పులి ఉన్న అడవి, లేని అడవి, తీగలు వేసిన అడవి - ఈ మూడింటిని పది సంవత్సరముల వరకు నడిపించినచో ఏ మంద నిలుచునో విద్యార్థులే చెప్పగలరు.