వీధిపిల్లి కూన – మనిషి మచ్చిక

పల్నాటి పల్లెలలో పిల్లి ఈనుటకు చోటులకు కొదువ లేదు. గడ్డివామి అడుగు, పత్తికట్టె మోపుల చాటు, మాచర్ల వైపున అయితే నాపబండల దొంతరల సందు – ఇవన్నియు దానికి పురిటిండ్లే. కట్టె తీయబోవగా పిడికెడంత కూన ఒకటి కీచుమనును. జాలిపడి ఒడిలో వేసికొని వచ్చుట సహజము. అయితే తెచ్చుటకు ముందు కొంతసేపు ఆగి చూడవలెను.

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునను సామెత ఉత్తమాట కాదు. తావు క్షేమము కాదని తోచినచో తల్లి కూనలను ఒక్కొక్కటిగా మోసికొనిపోవును. ఒకదానిని చేర్చి వచ్చులోపల రెండవది ఒంటరిగా కనబడును; అంతమాత్రమున అది దిక్కులేనిది కాదు. శ్రీవైష్ణవులు చెప్పు మార్జాలకిశోర న్యాయము ఈ మోతను చూచి పుట్టినదే: తల్లి మెడతోలు కరచి ఎత్తగనే కూన కాళ్ళు ముడిచి వ్రేలాడును, భారమంతయు తల్లిదే. (పెరిగిన పిల్లిని మనము అట్లు ఎత్తరాదు.) కూన ఒళ్ళు వెచ్చగా, పొట్ట నిండుగా ఉన్నచో దూరముగా నిలిచి కనిపెట్టుడు. ఒళ్ళు చల్లబడినను, చీమలు పట్టినను, కుక్కలు తిరుగు త్రోవలో పడియున్నను జాగు చేయరాదు.

తెచ్చిన పిమ్మట మొదట కావలసినది పాలు కాదు, వెచ్చదనము. మొదటి వారములలో కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకొనజాలదు. చల్లబడిన కూనకు పాలు పోసినచో అరుగక ప్రాణముమీదికి వచ్చును. వేడినీటి సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన ఉంచవలెను. రోహిణీకార్తె ఎండలలో సీసా అక్కరలేదని వేరుగ చెప్పనేల! ఆవుపాలు చాల కూనలకు విరేచనములు కలిగించును. పిల్లికూనలకై చేసిన పాలపొడి దొరకునేమో పశువైద్యుని అడుగుట మేలు. వెల్లకిల వేసి పాలు పట్టరాదు.

ఇక మచ్చిక సంగతి. అమెరికాలో ఐలీన్ కార్ష్ అను శాస్త్రజ్ఞురాలు 1980 దశకమున ఈ విషయమును పరిశీలించినారు. కూన మనిషికి అలవడు కాలము సుమారు 2వ వారము మొదలు 7వ వారము వరకే అని తేలినది. ఆ దినములలో రోజుకు 15 నిమిషములు చేతిలో పెరిగిన కూనలకంటె 40 నిమిషములు పెరిగినవి మనుష్యుల దరికి త్వరగా చేరినవి. 1995లో సాండ్రా మెక్యూన్ ప్రకటించిన పరిశోధనలో మరియొక వింత కలదు: తండ్రి పిల్లి జంకులేనిదైనచో కూనలును అట్టివే అగును. తండ్రి కూనలను సాకదు గనుక ఇది రక్తమున వచ్చిన గుణమే. అందుచేత ఒకే ఈతలో ఒకటి ఒడి ఎక్కగా, మరియొకటి బుసకొట్టిన దోషము మన పెంపకమునందే ఉన్నదనుకొనరాదు.

వయస్సు తెలియుటకు కన్నులు చూడుడు. పుట్టిన వారము పది దినములకు కన్ను తెరచును. ఆ నీలివర్ణము ఆరేడు వారములకు మారనారంభించును. నీలికన్నులతో బుసకొట్టు కూన కోపముతో కాదు, భయముతో కొట్టుచున్నది. నేలపై కూర్చుండి, చేతినుండి తిండి పెట్టినచో దినదినమునకు జంకు తగ్గును.

కరచినచో మాత్రము ఉపేక్ష పనికిరాదు. కుక్కకాటుకే గాని పిల్లికాటుకు సూది యెందుకనుట ప్రమాదము. రేబిస్ పిల్లివలనను సోకును. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

నెలలు గడచి, మనిషి అలికిడికే పరుగెత్తు పిల్లిని ఇంట బంధించుట దానికి శిక్ష. కొట్టములో ఎలుకలు ఎటులనున్నవి. ఒక చిప్పెడు నీరు అచట ఉంచిన చాలును.