హోంవర్కులో తప్పులుంటే ఏమంటున్నారు?

స్టవ్ మీద కూర ఉడుకుతుంటుంది. అప్పుడే బాబు లెక్కల నోట్సు తెచ్చి చూపిస్తాడు. నాలుగింట్లో మూడు తప్పులు! "మొద్దూ, ఎన్నిసార్లు చెప్పాలి?" అనేస్తారు చాలామంది తల్లులు. నాలుగు రోజులు ఇదే మాట వింటే, ఐదో రోజు "ఇవాళ హోంవర్కు ఇవ్వలేదమ్మా" అంటాడు. తిట్టు వల్ల లెక్క రాదు సరికదా, పుస్తకం దాచడం అలవాటవుతుంది.

ముందు అడగండి

52లోంచి 27 తీసేయమంటే 35 వేశాడనుకోండి. "ఎలా చేశావో చెప్పు నాన్నా" అనండి. "2లోంచి 7 పోదుగా, అందుకే 7లోంచి 2 తీసేశా" అంటాడు. చూశారా! వాడు గుడ్డిగా వేయలేదు. పక్కనుంచి అప్పు తెచ్చుకోవడం అర్థం కాలేదంతే. అగ్గిపుల్లలు పదేసి చొప్పున ఐదు కట్టలు కట్టి, విడిగా రెండు పెట్టండి. ఒక కట్ట విప్పితే విడి పుల్లలు 12. అందులోంచి 7 పోతే 5. మిగిలిన 4 కట్టల్లో 2 పోతే 2. జవాబు 25 అని వాడే చెబుతాడు.

ఒక్కో రోజు ఒక్కో తప్పు

పాప తెలుగు వ్యాసంలో ఒత్తులు, దీర్ఘాలు, ల-ళ అన్నీ తప్పుగా ఉన్నాయా? పేజీ అంతా ఎర్రగా చుట్టేయకండి. ఇవాళ ల-ళ మాత్రమే చూడండి. నిద్రలో వచ్చేది కల, బొమ్మలు గీయడం కళ అని చెప్పి పలికించండి. ఒత్తుల సంగతి రేపు.

మెచ్చుకోవడంలోనూ జాగ్రత్త

అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలతో చేసిన పరిశోధనలను 1998లో ప్రచురించారు. కొందరిని "తెలివైనవాళ్లు" అని, కొందరిని "బాగా కష్టపడ్డారు" అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన ప్రశ్నలు ఇచ్చేసరికి, తెలివికి మెప్పు పొందినవాళ్లు ఎక్కువగా డీలాపడ్డారు. కష్టానికి మెప్పు పొందినవాళ్లు పట్టుదలగా కూర్చున్నారు. కాబట్టి "మా బంగారం ఎంత తెలివైనదో" అనే బదులు "ఈసారి దీర్ఘాలన్నీ సరిచూసుకున్నావే!" అనండి. ఏది బాగా చేసిందో పాపకు తెలుస్తుంది.

ఇవి వద్దు

* పక్కింటి పిల్లలతో పోల్చడం.
* చుట్టాల ముందు మార్కుల సంగతి ఎత్తడం.
* టైమైపోతోందని మీరే రాసిచ్చేయడం.

దిద్దాక అలాంటిదే ఇంకో లెక్క ఇవ్వండి. 61లోంచి 34 తీసేయమనండి. 27 వచ్చిందా, ఆ పూటకు పుస్తకం మూసేసి అన్నానికి పిలవండి.