నడిమి అంతస్తులో ఎవరున్నారు?

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక ఆదివారం ఆరాధనలో ఒక చంటిబిడ్డను ప్రతిష్ఠించి ప్రార్థన చేయవలసి వచ్చింది. తల్లి చేతుల్లో నుండి బిడ్డను ఎత్తుకున్నాను. మొలత్రాడు దగ్గర నా వ్రేళ్ళకు ఏదో గట్టిగా తగిలింది. చొక్కా పైకెత్తి చూస్తే, నల్లదారంతో కట్టిన రాగి తాయెత్తు.

ఆ తల్లి సంఘపెద్ద కుమార్తె. చిన్నప్పటి నుండి సండేస్కూల్లో కంఠత వాక్యాలకు బహుమతులు తెచ్చుకున్న పిల్ల. స్త్రీల సమాజంలో పాటలు ఎత్తుకునేది ఆమే. అందుకే నాకు మరింత కోపం వచ్చింది. సంఘమంతటి యెదుట ఆమెను మందలించి, తాయెత్తు తెంపించి, ఆ తరువాతనే ప్రార్థన చేశాను.

ఆ సాయంకాలం ఆమె మా ఇంటికి వచ్చింది. వెనుక అత్తగారు తలవంచుకొని నిలబడి ఉన్నది. ఆ తల్లి మెల్లగా ఇలా అన్నది: "అయ్యగారూ, కట్టించడం తప్పే, ఒప్పుకుంటాను. కాని ఒక్క మాట, కోప్పడకండి. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం ఎక్కువై, ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేశాడు. మా అత్తమ్మ ఆ దారం కట్టే ముసలాయన దగ్గరకు పరుగెత్తింది. ఆయన లేచి లాంతరు పట్టుకొని వచ్చాడు. అటువంటప్పుడు మీ తలుపు తట్టవచ్చని మీరు మాకెప్పుడూ చెప్పలేదు కదండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట ఆమె విశ్వాసాన్ని గురించి ఆలోచించాను. తెల్లవారేసరికి నా విశ్వాసాన్ని గురించి ఆలోచిస్తున్నాను.

నోటి విశ్వాసము, కాళ్ళ విశ్వాసము

ప్రియ పాఠకులారా, మనం నమ్మేదేమిటని ఎవరైనా అడిగితే ఆదివారం చెప్పే విశ్వాస ప్రమాణం తడుముకోకుండా చెప్పగలం. అది నోటితో ఒప్పుకొనే విశ్వాసం. అది అవసరమే. అయితే బిడ్డకు జబ్బు చేసినప్పుడు, పత్తికి పురుగు పట్టినప్పుడు, అమ్మాయికి సంబంధం చూసేటప్పుడు మన కాళ్ళు ఎటువైపు నడుస్తాయో చూడాలి. అది కాళ్ళు ఒప్పుకొనే విశ్వాసం. ఈ రెండూ ఎప్పుడూ ఒక్కటే కావు.

కాళ్ళను నడిపించేది మన దృక్పథము. అంటే, ఈ లోకం ఎవరి చేతిలో ఉన్నది, కీడు ఎందుకు వస్తుంది, ఎవరికి భయపడాలి, ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అనే సంగతులను గురించి మనకు తెలియకుండానే మనలో స్థిరపడిపోయిన తలంపులు. వీటిని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. తల్లిపాలతో, వీధి అరుగు మీది మాటలతో అవి లోపలికి వస్తాయి. కళ్ళజోడు పెట్టుకున్నవాడు దానిలో నుండి అన్నిటినీ చూస్తాడు గాని కళ్ళజోడును చూడడు. తీసి తుడిచినప్పుడే దానిమీద ఎంత దుమ్ము ఉన్నదో తెలుస్తుంది.

మూడంతస్తుల ఇల్లు

ఈ విషయాన్ని లోతుగా ఆలోచించిన వారిలో పాల్ హీబర్ట్ గారు ఒకరు. ఆయన 1932లో మన షంషాబాదులో మిషనెరీ దంపతులకు జన్మించారు. పెద్దవారై తిరిగి తెలంగాణ పల్లెల్లో పరిచర్య చేశారు. తరువాత అమెరికాలో మానవశాస్త్రం, మిషను శాస్త్రం బోధించి 2007లో ప్రభువునందు నిద్రించారు. 1982లో ఆయన వ్రాసిన ఒక వ్యాసం లోకమంతటా మిషనెరీలను తమ్మును తాము పరీక్షించుకొనేలా చేసింది.

ఆయన చెప్పిన సంగతిని మన మాటల్లో చెప్పుకుందాం. మనిషి మనస్సు మూడంతస్తుల ఇల్లు వంటిది. పై అంతస్తులో దేవుడు, పాపము, రక్షణ, పరలోకము వంటి పెద్ద సంగతులున్నాయి. క్రింది అంతస్తులో విత్తనము, ఎరువు, సూదిమందు, బడి వంటి కంటికి కనబడే సంగతులున్నాయి. ఈ రెంటికీ నడుమ ఒక అంతస్తున్నది. దిష్టి, గాలి సోకడం, చేతబడి, గ్రామదేవత కోపం, మంచి ఘడియ, చెడు శకునం, రేపేమి జరుగుతుందోననే దిగులు, ఇవన్నీ అక్కడ కాపురముంటాయి.

పాశ్చాత్య దేశాల నుండి వచ్చిన దైవజనులు పై అంతస్తుకు సువార్త తెచ్చారు. క్రింది అంతస్తుకు ఆసుపత్రులు, బడులు తెచ్చారు. వారి మేలు మనం మరువలేము. అయితే వారి చదువులో ఆ నడిమి అంతస్తే లేదు. అక్కడి ప్రశ్నలు మూఢనమ్మకాలని కొట్టివేశారు గాని వాటికి జవాబు చెప్పలేదు. జవాబు దొరకని మన పెద్దలు ఆదివారం గుడికి, మంగళవారం మంత్రగాని ఇంటికి నడిచారు. ఈ తప్పు తనలోనూ ఉండెనని హీబర్ట్ గారు దాచకుండా ఒప్పుకున్నారు.

మెదక్ ప్రాంతపు పల్లె సంఘాలను పరిశీలించి పి.వై. లూకు, జాన్ కార్మన్ గార్లు 1968లో ప్రచురించిన పుస్తకంలో కూడా, ప్రభువును ఆరాధిస్తూనే పాత ఆచారాలను విడువలేకపోయిన కుటుంబాలు కనబడతాయి.

వాక్యములో ఇది క్రొత్త కాదు

యాకోబు బేతేలుకు బయలుదేరే ముందు తన ఇంటివారి యొద్దనున్న అన్యదేవతలను, చెవిపోగులను తీసికొని షెకెము దగ్గర చెట్టు క్రింద దాచివేశాడు (ఆదికాండము 35:1-4). ఎన్ని సంవత్సరాలు అవి గుడారంలోనే ఉన్నాయో! షోమ్రోనులో కాపురముంచబడిన ప్రజలు యెహోవాకు భయపడుతూనే తమ తమ దేవతలను కూడా సేవించారు (2 రాజులు 17:33). ఎఫెసులో తమ మాంత్రిక పుస్తకాలు కాల్చినవారిని గమనించండి. వాటి వెల 50,000 వెండి రూకలు. వాటిని తెచ్చినవారు అప్పటికే విశ్వసించినవారని లూకా చెబుతున్న సందర్భమది (అపొ. కార్యములు 19:18-19). విశ్వసించిన తరువాత కూడా పుస్తకాలు ఇంట్లో ఉన్నాయన్నమాట. వారిని ఎవరూ తరుమలేదు. వారే వచ్చి ఒప్పుకున్నారు.

తాయెత్తు ఒక్కటే కాదు

మా ఇంట్లో తాయెత్తు లేదు గనుక ఈ సందేశం మాకు కాదని ఎవరూ అనుకోవద్దు. పీడకలలు రాకుండా తలగడ క్రింద బైబిలు పెట్టుకొని, దానిని తెరచి చదవని ఇల్లు ఎన్ని లేవు? ప్రార్థించిన నూనె సీసాను తాయెత్తు స్థానంలో పెట్టుకోలేదా? పరీక్ష పాసైతే ఇంత కానుక వేస్తానని ప్రభువుతో బేరం పెట్టేవారు లేరా? పేరు మారింది గాని తలంపు మారలేదు. మంత్రము దేవుని మన చేతిలోనికి తేవాలని చూస్తుంది. ప్రార్థన మనలను దేవుని చేతికి అప్పగిస్తుంది. ఈ తేడా తెలియకపోతే మన మోకాళ్ళ ప్రార్థన కూడా మంత్రమే అవుతుంది.

పొరుగువానికి కష్టం వస్తే, ఏదో పాపం చేసి ఉంటాడని గుసగుసలాడుతాము. యోబు స్నేహితులు అదే అన్నారు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అదే అడిగారు. ప్రభువు ఆ లెక్కను ఒప్పుకోలేదు (యోహాను 9:1-3). సిలోయములో గోపురం పడి చచ్చిన 18 మందిని గూర్చి కూడా ఆయన అదే చెప్పాడు (లూకా 13:4-5).

మరొక మాట చెప్పక తప్పదు. పెండ్లి సంబంధం మాట రాగానే ప్రార్థించి దేవుని చిత్తం కనిపెడుతున్నామంటాము. కాని మొదట అడిగే ప్రశ్న కులమేమిటని. ఒకే పాత్రలో నుండి ప్రభువు బల్లలో పాలు పొందిన చేతులే పెండ్లి విందులో వేరు వేరు పంక్తులు వెదకుతాయి. ఇది కూడా పరీక్షించుకోవలసిన విశ్వాసమే.

ఇక నా సంగతి. మేము ఒక ఊరి నుండి మరొక ఊరికి బదిలీ అయినప్పుడు అమావాస్య దాటనిమ్మని మా అమ్మ అన్నది. వాక్యం చూపించి ఆమెకు ధైర్యం చెప్పవలసినవాడను. "ఈ వారం పనులున్నాయి, వచ్చే వారం వెళదాం" అన్నాను. సంఘానికి చెప్పిన కారణం ఒకటి, నా గుండెలోని కారణం మరొకటి. ఆ తల్లి తాయెత్తు బయటికి కనబడింది. నాది కనబడలేదు, అంతే.

ప్రార్థించినా బిడ్డ చనిపోతే?

హీబర్ట్ గారు వ్రాసిన ఒక అనుభవం వినండి. తెలంగాణలో ఒక గ్రామంలో మశూచి వచ్చింది. (ఆ వ్యాధి భూమిమీద లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది.) గ్రామదేవతకు కోపం వచ్చిందని, దున్నపోతును బలి ఇవ్వాలని ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు ఇవ్వలేదు. ఊరివారు వారిని బావి నీళ్ళు తోడుకోనివ్వలేదు. అంతలో ఒక క్రైస్తవ బాలికకే వ్యాధి సోకింది. గ్రామ బోధకుడు వచ్చి ప్రార్థనకు రమ్మని పిలిచాడు. ఊరంతా చూస్తుండగా మోకరించిన ఆయన మనస్సు కలవరపడింది. ప్రార్థనను గురించి చదివాడు, ప్రసంగించాడు. కాని ఆ పాప కోసం అలా ప్రార్థించడం వేరు.

పాప చనిపోయింది. తాను ఓడిపోయానని ఆయన కృంగిపోయాడు. కొన్ని వారాల తరువాత ఆ బోధకుడు సంతోషంతో తిరిగి వచ్చాడు. స్వస్థత కలిగితే ఊరివారు మన దేవుని శక్తిని ఒప్పుకునేవారు, కాని ఎప్పటికైనా ఆమె చనిపోవలసినదేనని వారికి తెలుసు. సమాధి దగ్గర మన పునరుత్థాన నిరీక్షణ చూచినప్పుడు మరణంమీద జయమును చూచారు అనేది అతని మాటల సారాంశం.

షద్రకు, మేషాకు, అబేద్నెగోలు కూడా తప్పించినా, తప్పించకపోయినా అని తెగించి నిలబడ్డారు (దానియేలు 3:17-18). నడిమి అంతస్తులో క్రీస్తు ప్రభువైతే మనకు కష్టాలు రావని కాదు. భయం అక్కడ యజమానిగా ఉండదని అర్థం.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో

మిమ్మును మీరే పరీక్షించుకొనుడని పౌలు కొరింథీ సంఘానికి వ్రాసిన ఆజ్ఞ (2 కొరింథీ 13:5) ఇతరులను పరీక్షించమని ఇచ్చినది కాదు. బెరయవారివలె ప్రతిదినం లేఖనాలను పరిశోధిస్తూ, ఇంటివారంతా కలిసి ఈ ప్రశ్నలు అడుగుకోండి.

1. కష్టం వచ్చిన మొదటి గంటలో మన కాళ్ళు ఎటు నడిచాయి?
2. మనం చేసే పనులలో వాక్యం చెప్పిందని చేసేవి ఏవి? భయంతో చేసేవి ఏవి?
3. దేవుడు అడిగినది ఇవ్వకపోతే ఆయనను ఇంకా ప్రేమిస్తామా?
4. ఎవరితో కలిసి తినడానికి, వియ్యమందడానికి వెనుకాడుతున్నాము? ఎందుకు?

పెద్దలారా, పిల్లలు, కోడళ్ళు నిజం చెప్పినప్పుడు కసరవద్దు. కసిరితే తాయెత్తు చొక్కా క్రిందికి వెళుతుంది గాని పోదు. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

ఆ మరుసటి ఆదివారం నేను సంఘం ముందు నిలబడి, ఆ తల్లిని అందరియెదుట సిగ్గుపరచినందుకు క్షమాపణ అడిగాను. మా తలుపు ఏ రాత్రియైనా తట్టవచ్చని చెప్పాను. ఫిట్స్ వచ్చిన బిడ్డను ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో చెంచాగాని నీళ్ళుగాని పెట్టరాదని, వెంటనే 108కి ఫోను చేయాలని నర్సుగా పనిచేసే సోదరి చేత సంఘానికి చెప్పించాము. డాక్టరును ఇచ్చినవాడు, ప్రార్థన వినేవాడు ఒక్కడే.

నాలుగు నెలల తరువాత ఒక రాత్రి రెండు గంటలకు మా తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఆ అత్తగారు. "అయ్యగారూ, బండికి ఫోను చేశాం. అది వచ్చేలోగా మీరొచ్చి ప్రార్థన చేయండి" అన్నది. చెప్పులు కూడా వేసుకోకుండా నడిచాను. ఆ రాత్రి ప్రార్థించేటప్పుడు నాకు భయం వేయలేదని అబద్ధం చెప్పను. నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయం చేయుమని వేడుకున్న ఆ తండ్రి (మార్కు 9:24) నా ప్రక్కనే మోకరించినట్లున్నది. బిడ్డ ఆసుపత్రి నుండి క్షేమంగా తిరిగి వచ్చాడు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు.

ప్రార్థన: ప్రభువా, మా హృదయములను పరిశోధించుము. మాకే తెలియకుండా మేము దాచుకున్న భయములను బయటికి తెమ్ము. మా ఇంటి ప్రతి అంతస్తులోను నీవే యజమానిగా ఉండుము. ఆమేన్.