పెంకునకు ఊరిపేరు : ప్రాచీన మృణ్మయపాత్రల సేకరణ, సంరక్షణ

హావుడా శివారులోని సంత్రాగాఛి నుండి దక్షిణమునకు సాగు రైలుమార్గము రెండు ప్రాచీనస్థలముల చేరువగా పోవుచున్నది. మేచెదా దాపున తామ్రలిప్తి, అనగా నేటి తమ్లుక్, కలదు. ఆమదాలవలసలో దిగినవారు వంశధారాతీరమందలి శాలిహుండమునకు పోవచ్చును. ఒకటి రేవుపట్టణము, రెండవది బౌద్ధక్షేత్రము. ఈ రెండింటను ఒకే తీరు కుండపెంకులు దొరకినవి.

పలుచని గోడ, నునుపైన పూత, లోపలి అడుగున వలయములుగా నొత్తిన సన్నని గాట్లు ఆ పళ్లెముల గుర్తులు. 1945లో అరికమేడును త్రవ్వించిన మార్టిమర్ వీలర్ వీనిని మధ్యధరాప్రాంతపు సరకుగా తలచెను. 1956–57 నుండి కలకత్తా విశ్వవిద్యాలయపు ఆశుతోష్ మ్యూజియమువారు చంద్రకేతుగఢ్‌లో జరిపిన త్రవ్వకములలోను ఇట్టివి బయల్పడినవి. 1997లో వి. డి. గోగ్టే పెంకులలోని ఖనిజములను ఎక్స్-కిరణములచే పరీక్షించి, ఆ మట్టి చంద్రకేతుగఢ్–తమ్లుక్ ప్రాంతమునకు చెందినదని ప్రతిపాదించెను. దీనిపై చర్చ ముగియలేదు. అయినను ఏ పెంకు ఎచ్చట దొరకినదో వ్రాసి యుంచకపోయినచో ఆ చర్చయే పుట్టియుండదు.

భాషాపరిశోధకునకును ఇందు పని కలదు. 1919లో శాలిహుండ శిథిలములను వెలుగులోనికి తెచ్చినవారు గిడుగు రామమూర్తిగారు. అచ్చటి త్రవ్వకములలో బ్రాహ్మీలిపి గల పెంకులును లభించినవి. అవి రాజశాసనములు కావు. వాడుకలోని పాత్రలపై వ్రాతలు. ఒక్కసారి గట్టిగా రుద్దినచో అట్టి అక్షరము శాశ్వతముగా పోవును.

కావున సేకర్త మొదటి కర్తవ్యము కొనుట కాదు, వ్రాయుట. దొరకిన గ్రామము, పొలము, లోతు, తేదీ నమోదు చేయవలెను. నేలలో దొరకిన పది రూపాయలకు మించిన నిక్షేపమును కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. నూరేండ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపుటను 1972 నాటి చట్టము నిషేధించినది.

ఇక సంరక్షణ. మట్టిని మెత్తని పొడికుంచెతో మాత్రమే తీయవలెను. ఇత్తడి బిందెను వలె చింతపండుతో తోమరాదు; పులుపు పెంకులోని సున్నపు రేణువులను కరిగించును. చాలని కాలుపు గలవానిని, రంగు వేసినవానిని నీట నానబెట్టరాదు. లోపల అంటియున్న మసిని, జిడ్డును గీకరాదు. పూర్వుల ఆహారమునకు అదియే సాక్ష్యము. నేలనుండి చేరిన లవణములు వంగదేశపు వర్షర్తువున చెమ్మకు కరిగి, పొడిగాలికి స్ఫటికములై పైపూతను రాల్చును. అందుచే గాలిలోని తేమ తరచు మారని చోట నుంచవలెను. అతుకునకు మరల కరిగించి విడదీయదగిన జిగురునే వాడవలెను. పాత్రను మూతి పట్టి ఎత్తక, అడుగున చేయి చేర్చి రెండు చేతులతో ఎత్తవలెను.

పగిలిన పాత్రను మరల అతుకవచ్చును. ఊరిపేరు పోయిన పెంకునకు దానిని తిరిగి సంపాదించి యిచ్చుట పండితులకును దుస్సాధ్యము.