దుమ్ముతోనే పందెం

మాది అనంతపురంలో మోటార్ రీవైండింగ్ షాపు. నా దగ్గరికి వచ్చేవాటిలో ముక్కాలు భాగం బోర్లలోంచి లాగిన సబ్‌మెర్సిబుల్ మోటార్లే. మా జిల్లాలో ఎనిమిది వందల అడుగులు దాటితే గానీ నీళ్లు పడని బోర్లున్నాయి. అంత లోతు నుంచి పైకి తీసిన మోటారును కాలిన వార్నిష్ వాసనతో సహా ట్రాక్టర్లో తెచ్చి నా ముందర దించుతారు. అట్లాంటి షాపులో, బల్లకు ఒక కొసన, అరచేతిలో ఇమిడే మోటారూ నాలుగు నల్లటి చక్రాలూ కనబడితే రైతులు అడగకుండా ఉండరు: "ఏంది సామీ, పిల్లోళ్ల ఆటసామానా?" అవునంటే మాట తొందరగా తెగుతుందని అవుననేస్తాను.

బొమ్మల కొట్లో దొరికే కారుకు బటన్ నొక్కితే పోవడం, వదిలితే ఆగడం తప్ప వేరే విద్య లేదు. పందేల కోసం చేసిన రేడియో కంట్రోల్ కారు అట్లా ఉండదు. రిమోట్ మీది ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంతే కదులుతుంది, దాని మీది చక్రం ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది. ప్రతి భాగం విడిగా ఊడుతుంది, విడిగా దొరుకుతుంది, చాలావాటిని మన నేలకు తగ్గట్టు సర్దుకోవచ్చు. ఎక్కువమంది ఆడేది అసలు కారులో పదో వంతు సైజుది. మూరెడు కన్నా తక్కువ పొడవు, కిలోన్నర బరువు. ఇంట్లో బండల మీద తిప్పుకునే ఇరవై ఎనిమిదో వంతువీ ఉన్నాయి. జపాన్ కంపెనీ క్యోషో 1999లో మినీ-జెడ్ పేరుతో వాటికి ఊపు తెచ్చింది.

ఈ ఆట పుట్టింది ఇటలీలో. ఎల్-జీ అనే చిన్న కంపెనీ 1966లో ఫెరారీ 250 ఎల్ఎం నమూనాను పన్నెండో వంతులో చేసి అమ్మింది. ఇంటింటికీ చేర్చింది మాత్రం జపాన్ వాళ్ల టామియా. 1976లో వాళ్లు తెచ్చిన పోర్షే 934 వెనక ఒక కథ ఉంది. కొలతలు సరిగ్గా రావాలని కంపెనీ యజమాని అసలు పోర్షే కారునే కొని, విప్పి చూశాడు. మెకానిక్ అన్నవాడికి ఆయన మీద గౌరవం కలగడానికి ఆ ఒక్క పని చాలు. ఆ తర్వాత 1984లో అమెరికాలో అసోసియేటెడ్ అనే కంపెనీ వాళ్ల ఆర్‌సీ10 కారు వచ్చింది. మట్టిలో పరిగెత్తే బగ్గీల తీరునే అది మార్చేసింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని డెల్‌మార్‌లో పదో వంతు మట్టి కార్లకు మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి.

మొదట్లో ఎక్కువగా 27 మెగాహెర్ట్జ్ రేడియోలే. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ ఇద్దరి దగ్గర ఒకటే ఉంటే ఒకడు తిప్పితే ఇంకొకడి కారు తిరిగేది. ఇప్పుడు వాడేది 2.4 గిగాహెర్ట్జ్. మన దేశంలో దానికి లైసెన్సు అక్కర్లేదు. రిమోటూ రిసీవరూ ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి పది కార్లు ఒకేసారి దిగినా గొడవ ఉండదు. రేడియో గురించి ఇంతకన్నా తెలుసుకోవాల్సింది పెద్దగా లేదు. ఒక్క మాట: ముందు రిమోట్ ఆన్ చేసి, తర్వాత కారు ఆన్ చేయండి. ఆపేటప్పుడు తిరగేసి, ముందు కారు, తర్వాత రిమోట్.

నన్ను ఇందులోకి లాగింది మోటారే. బ్రష్‌లెస్ మోటారుకు మూడు తీగలుంటాయి. చూడగానే త్రీఫేజ్ అని తెలిసిపోయింది. బ్యాటరీ నుంచి వచ్చే డీసీని స్పీడ్ కంట్రోలర్ మూడు ఫేజులుగా మార్చి పంపుతుంది. సెన్సర్ లేని మోటారైతే ఏ రెండు తీగలు అటూఇటూ మార్చినా వెనక్కి తిరుగుతుంది, మన బోరు మోటారు లాగే. చుట్లు తగ్గించి తీగ మందం పెంచితే వేగం పెరుగుతుందనేది కూడా నా వృత్తిలో పాత పాఠమే. తేడా అంతా వేగంలో ఉంది. సబ్‌మెర్సిబుల్ నిమిషానికి 2,850 చుట్ల దగ్గర తిరుగుతుంది. దీని మీద 3300 కేవీ అని రాసి ఉంటే వోల్టుకు నిమిషానికి 3,300 చుట్లని అర్థం. 7.4 వోల్టుల బ్యాటరీకి లెక్కేస్తే 24,420.

అంత వేగం నేరుగా చక్రానికి పోదు. మోటారు మీద పినియన్ అనే చిన్న పళ్లచక్రం, దానికి ఆనుకొని స్పర్ అనే పెద్దది. పినియన్‌కు 18 పళ్లు, స్పర్‌కు 81 అయితే నాలుగున్నర రెట్లు తగ్గుతుంది. లోపలి గేర్‌బాక్సులో ఇంకో 2.6 రెట్లు. మొత్తం 11.7. చక్రం ఎనిమిదిన్నర సెంటీమీటర్లదైతే లెక్కకు గంటకు 33 కిలోమీటర్లు వస్తుంది. మోకాలి ఎత్తు కూడా లేని కారు ఆ వేగంతో ఎదురుగా వస్తే పెద్దవాళ్లు కూడా పక్కకు దూకుతారు. ఈ రెండు గేర్ల మధ్య సందు ఎంతుండాలో కొలవడానికి పరికరాలేమీ వద్దు. నోటుపుస్తకంలోంచి సన్నటి కాగితం ముక్క చించి రెండింటి మధ్య పెట్టి, మోటారును నొక్కి బిగించి, కాగితం లాగేస్తే సరిపోతుంది.

షాపుకొచ్చే కుర్రాళ్లంతా ముందు అడిగేది పినియన్ మార్చమనే. "అన్నా, ఇంగా స్పీడు పోవల్ల." పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైంది కదా, అక్కడ పనిచేసే పిల్లోడు కూడా అదే అడిగాడు. పినియన్‌కు రెండు పళ్లు పెరిగితే వేగం పెరిగే మాట నిజమే. కానీ మోటారు మీద భారం పెరుగుతుంది, దాంతోపాటు వేడీ. బయటి వేడి మీద 40 డిగ్రీలు ఎక్కే మోటారును చల్లటి దేశంలో 25 డిగ్రీల్లో నడిపితే 65 దగ్గర ఆగుతుంది. మన మే నెల 42 డిగ్రీల్లో అదే మోటారు 82కు పోతుంది. హద్దు మీరి కాగితే లోపలి మాగ్నెట్ బలం తగ్గిపోతుంది. వైండింగ్ కాలితే మళ్లీ చుట్టగలను, పోయిన మాగ్నెట్ బలాన్ని తేలేను. అందుకే వేసవిలో నేను పినియన్‌కు ఒకటో రెండో పళ్లు తగ్గిస్తాను. కుర్రాళ్ల మొహాలు మాడిపోతాయి. మోటారు మాడదు.

అసలు సంగతి ఏమిటంటే, మా నేల మీద గెలుపు మోటారులో లేదు. మోటారు మనిషిని నేనే ఈ మాట అంటున్నాను. చక్రం మట్టిని పట్టుకోనప్పుడు ఎంత బలమిచ్చినా అది దుమ్ము లేపడానికే. వేరే దేశాల్లో మట్టి ట్రాకులకు పందెం ముందు నీళ్లు కొడతారు. తారు మీద ఆడేచోట కొందరు చక్కెర నీళ్లు చల్లుతారట, జిగురు కోసం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే జిల్లాలో, ట్యాంకరు కోసం బిందెలు వరసగా పెట్టుకున్న వీధిలో, ఆటకారు కోసం నేల తడుపుతానంటే ఎవరూ ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా. చక్కెర నీళ్ల సంగతి చీమలకు వదిలేద్దాం.

కాబట్టి నేలను ఉన్నదున్నట్టు చదువుకోవాలి. మాది ఎక్కువగా ఎర్రనేల. పైన వేలిమందం మెత్తటి దుమ్ము, కింద గరుసు. ఈ దుమ్ములో గుండీల్లాంటి పొట్టి పిన్నులున్న టైరు తేలిపోతుంది. పొడుగాటి, దూరదూరంగా ఉన్న పిన్నులు దుమ్మును చీల్చుకొని కింది గట్టినేలను అందుకుంటాయి. ఆషాఢం గాలులు మొదలయ్యాక కథ మారుతుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలను తిప్పే ఆ గాలే మైదానంలో పైదుమ్మంతా ఊడ్చుకుపోవడంతో గరుసు పైకి తేలుతుంది. అప్పుడు పొడుగు పిన్నులు వంగి, కారు మలుపులో ఊగుతుంది. పొట్టి, దగ్గర పిన్నుల టైరుకు మారాలి. వాన పడి ఆరిన మరునాడు ఎర్రనేలంత మంచి నేల ఇంకోటి లేదు. ఉరవకొండ వైపు నల్లరేగట్లో మాత్రం తడి ఉండగా కారు దించొద్దు, చక్రానికి పట్టిన మట్టి వదలదు.

నేను చూసినవాటిలో అన్నిటికన్నా బాగుండేది పాత కళ్లం. పేడనీళ్లతో అలికి, రోలు గుండుతో అణిచిన నేల, చెనిక్కాయ పని అయిపోయాక ఖాళీగా పడి ఉంటుంది. దుమ్ము లేవదు, చక్రం జారదు. మిషన్లు వచ్చాక అట్లాంటి కళ్లాలు చేసేవాళ్లు తగ్గిపోయారు.

ఇంకో కొస చూడాలంటే బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరుకు పోవాలి. హగరి నది ఇసుకను గాలి లేపి పొలాల మీద దిబ్బలుగా పోసింది. అక్కడి రైతులకు అది తరతరాల కష్టం, నేను దాన్ని ఆటస్థలం అంటే బాగుండదు. దిబ్బ అంచున ఒకసారి నడిపి చూశాను. మామూలు టైరు అక్కడికక్కడే గుంత తవ్వుకుంటుంది. వెనక చక్రాలకు తెడ్ల ఆకారం ఉన్న టైర్లు, ముందు చక్రాలకు నడుమ ఒక్క గీత ఉన్న టైర్లు కావాలి. అవున్నా ట్రిగ్గర్ సగం వదిలితే కూరుకుపోతుంది. ఇసుకలో భయపడేవాడికి లోపలికే దారి.

ఈ టైర్లలో గాలి ఉండదు, లోపల ఫోమ్ ఉంటుంది. పల్లేరు ముళ్లు గుచ్చుకున్నా పంక్చర్ కాదు. కానీ రిమ్ముకు టైరు అంటించుకోకపోతే మలుపులో ఊడివస్తుంది. ఫెవిక్విక్ చాలు. పాత జిగురు గోకి, రిమ్ము అంచును స్పిరిట్‌తో తుడిచి, చుట్టూ కొంచెం కొంచెం వేస్తూ పోవాలి.

టైరు కుదిరాకే సస్పెన్షన్. షాకుల్లో సిలికాన్ ఆయిల్ పోస్తారు. సీసా మీద 30, 35, 40 అని అంకెలుంటాయి. అంకె పెరిగేకొద్దీ చిక్కన. వేడికి ఆయిల్ పలచబడుతుంది కాబట్టి డిసెంబరులో 30 పోసిన కారుకు మే నెలలో 40 పోస్తాను. బండి ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు రింగులు ఉబ్బి పాడవుతాయి. పోసిన తర్వాత పిస్టన్‌ను నెమ్మదిగా కిందికీ పైకీ ఆడించి బుడగలన్నీ పోయేదాకా ఆగాలి. ఇది ఓపిక పని. పరీక్ష సులువు: కారును జానెడు ఎత్తు నుంచి వదలండి. ఒక్కసారి కుంగి నిలబడితే సరిగ్గా ఉన్నట్టు. ఎగిరితే ఆయిల్ పలచన, పొట్ట నేలకు కొట్టుకుంటే స్ప్రింగు మెత్తన.

వెనక చక్రాలు రెండూ ముందువైపు మూడు డిగ్రీల చొప్పున లోపలికి చూస్తుండాలి. అప్పుడే దుమ్ములో వెనకభాగం పక్కకు జారకుండా ఉంటుంది. పైనుంచి చక్రాల వాలు ఒక డిగ్రీ లోపలికి. టైరు ఒక అంచే అరుగుతుంటే ఆ వాలు తప్పిందని తెలుస్తుంది. డిఫరెన్షియల్ సంగతి సేద్యం చేసినవాళ్లకు సులువుగా చెప్పొచ్చు. కాడి కట్టిన ఎద్దులు సాలు చివర తిరిగేటప్పుడు బయటి ఎద్దు ఎక్కువ నడుస్తుంది, లోపలిది తక్కువ. చక్రాలకూ ఆ వెసులుబాటు ఇచ్చేదే డిఫ్. దాంట్లో మరీ పలచటి ఆయిల్ ఉంటే జారే చక్రానికే బలమంతా పోతుంది. మా నేలకు కొంచెం చిక్కటిదే మేలు. ఏది మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చండి, పుస్తకంలో రాసుకోండి.

గాలిలోకి ఎగిరిన కారును కూడా దిద్దవచ్చు. కొత్తవాళ్లు నమ్మరు గానీ, గాలిలో ఉండగా ట్రిగ్గర్ నొక్కితే చక్రాలు తిరిగే ఊపుకు ముక్కు లేస్తుంది, బ్రేకు వేస్తే ముక్కు దిగుతుంది. ఆషాఢం ఎదురుగాలిలో దూకినప్పుడు గాలి కింద దూరి ముక్కును లేపుతుంది. అప్పుడు చిన్నగా బ్రేకు తట్టాలి.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలవుతుంది. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. మా ఎర్రదుమ్ము పిండి కన్నా సన్నం. 5x10x4 మిల్లీమీటర్ల బేరింగులోకి అది పోయిందంటే నూనెతో కలిసి సానరాయి పని చేస్తుంది. నీళ్లతో కడగొద్దు. స్టేటర్లు శుభ్రం చేసే బ్లోయర్ నా దగ్గరుంది. లేనివాళ్లకు సైకిలు పంపూ పెయింటు బ్రష్షూ చాలు. చక్రం వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకోండి. గరగర వినబడితే బేరింగు తీసి కిరసనాయిల్లో ఆడించి, ఆరబెట్టి, ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. రెండో చుక్క వేస్తే అది దుమ్మును పిలుస్తుంది. ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలు, చెనిక్కట్టె పీచు కత్తిరించి తీయండి. ఛాసిస్ పైన పాత నైలాన్ చీర ముక్క వెల్క్రోతో కట్టుకుంటే సగం దుమ్ము లోపలికి రాదు. లోహానికి లోహం తగిలే స్క్రూలకు థ్రెడ్ లాకర్ వేయాలి. ప్లాస్టిక్‌లో దిగే స్క్రూలకు వద్దు, ప్లాస్టిక్ చిట్లిపోతుంది.

లిథియం పాలిమర్ బ్యాటరీతో పరాచికాలొద్దు. సెల్లుకు 4.2 వోల్టులు దాటి ఎక్కించకూడదు, 3 వోల్టుల కిందికి దించకూడదు. నాలుగైదు రోజులు ఆడేది లేకపోతే 3.8 దగ్గర పెట్టి దాచాలి. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో, రేకుల షెడ్డులో ఉంచొద్దు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్క రోజు వాడదామనే ఆశ వద్దేవద్దు. నా షాపులో ఛార్జింగ్ జరిగేది మట్టి కుండలో, పక్కన ఇసుక బకెట్.

ఖర్చు అడుగుతారు. పద్నాలుగో వంతు చైనా కార్లు పది పన్నెండు వేలకు వస్తాయి, నేర్చుకోవడానికి అవి చాలు. పోటీ కిట్టు, దాంట్లోకి మోటారూ కంట్రోలరూ, ముందు చక్రాలను తిప్పే సర్వో, రేడియో అన్నీ కలిపితే అర లక్ష దాటుతుంది. ఏదైనా సరే, మా గరుసులో గులకరాయికి కొట్టుకొని మొదట విరిగేది ముందు చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్. కొనేముందు ఆ ఒక్క ముక్క విడిగా దొరుకుతుందేమో అడగండి. దొరకదంటే ఎంత చవకైనా ఆ కారు జోలికి పోవద్దు. దొరుకుతుందంటే కారుతో పాటే రెండు జతలు తెప్పించుకోండి.