విటమిన్ డబ్బాలోని పొడి ఎక్కడిది?

"ఇది ఫారిన్ విటమిన్, మంచిదేనా డాక్టరుగారూ?" అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. మన కంపెనీల డబ్బాల్లోనూ ముడి విటమిన్ చాలావరకు దిగుమతి అయినదే. ప్రపంచంలోని విటమిన్ సి లో అధికభాగం చైనాలో తయారవుతుంది. విటమిన్ ఎ, ఇ లను తయారుచేసే కర్మాగారాలు కొద్దే. 2017లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కర్మాగారంలో మంటలు లేచినప్పుడు వాటికి ప్రపంచమంతటా కొరత వచ్చింది.

కాబట్టి ఫారిన్ పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 14 అంకెల లైసెన్సు నంబరు, గడువు తేదీ, ఒక్కో మాత్రలో ఎంత విటమిన్ ఉందో చూడండి. విటమిన్ ఎ, డి శరీరంలో నిలవ ఉంటాయి. మోతాదు మించితే హాని చేస్తాయి. గర్భిణీలు డాక్టరును అడగకుండా విటమిన్ ఎ మాత్రలు అసలు వాడరాదు. విటమిన్ సి కోసమైతే జామకాయ, ఉసిరికాయ చాలునని మా సలహా.