కొల్లేటి నీరు, మన ఊళ్లు

ముదినేపల్లి నుండి కైకలూరు వైపు పోయే దారిలో ఒకప్పుడు వరిచేలు విస్తారముగా ఉండేవి. ఈనాడు అక్కడ ఎటుచూచినా చేపలచెరువులు, వాటి గట్లు కనబడతాయి. ఇది మనము కళ్లారా చూచే మార్పు. ఎగువన విజయవాడ, ఏలూరు పట్టణాలు పెరగడములో మరొక మార్పు ఉన్నది. ఈ రెండింటినీ కలిపి చూస్తేగాని కొల్లేటి సంగతి బోధపడదు.

ఎంత మేర కురిసిన వాన ఒక ఏటిలో చేరుతుందో, ఆ మేర నేల అంతా ఆ ఏటి పరీవాహక ప్రాంతము. మైలవరము కొండలలో పుట్టిన బుడమేరు విజయవాడ మీదుగాను, తమ్మిలేరు ఏలూరు పక్కగాను వచ్చి కొల్లేటిలో కలుస్తాయి. 1852లో ధవళేశ్వరమువద్ద, 1855లో బెజవాడవద్ద ఆనకట్టలు పూర్తియైన తరువాత రెండు డెల్టాల మురుగునీరు కూడా ఈ పల్లానికే చేరసాగినది. వచ్చే దారులు అనేకము. సముద్రానికి పోయే దారి మాత్రము ఉప్పుటేరు ఒక్కటే. దాని పొడవు సుమారు 60 కిలోమీటర్లు. కనుక వరద కొన్నాళ్లు ఆగవలసిన చోటు కొల్లేరు.

చేలో పడిన వాననీరు కొంత ఇంకి, కొంత గట్ల నడుమ నిలిచి, తక్కినది నెమ్మదిగా ఏరు చేరుతుంది. డాబామీద, సిమెంటు రోడ్డుమీద పడిన నీటికి ఇంకే వీలు లేదు. అది కొద్దిసేపటిలోనే కాలువలో పడుతుంది. వాన అంతే అయినా, ఏరు త్వరగా పొంగుతుంది. పైగా ఏటి ఒడ్డు పల్లాలను పూడ్చి ఇళ్లు కట్టినచోట ఆ పొంగు పరచుకొనే తావు తగ్గిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి గట్లు తెగినప్పుడు విజయవాడలో సింగ్ నగర్ మొదలైన పేటలు మునిగినవి. ఇళ్లలో చిక్కుకొన్నవారికి పడవలమీద అన్నము, మంచినీరు అందించవలసివచ్చినది.

దిగువ సంగతి కూడా ఇటువంటిదే. సరస్సు గర్భములో చెరువుగట్లు లేచినకొద్దీ నీరు నిలిచే చోటు ముక్కలైనది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రాంసార్ జాబితాకెక్కినది. 2006లో సరస్సులోని చెరువుగట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. అప్పుడు నీటికి చోటు దొరికినా, ఆ చెరువులపై బ్రతికే కుటుంబాలకు కష్టము వచ్చినది. ముందే హద్దు నిలిపివుంటే ఆ గట్లు కట్టే ఖర్చూ, తెగగొట్టే బాధా తప్పి ఉండేవి.

పట్టణము పెరగక మానదు. రైతు లాభసాటియైన పంటను వెదకక మానడు. అయితే కొత్త పేటకు గుర్తులు వేసేముందు, కొత్త గట్టు పోసేముందు, ఇక్కడి వాననీరు ఎటు పోతున్నదని విచారించడము అవసరము. ఎగువవారు పూడ్చిన పల్లానికి దిగువవారు ముంపు అనుభవిస్తారు. దిగువవారు అడ్డిన దారికి ఎగువ వరద తీయక నిలుస్తుంది. ఒకే ఏటి నీటితో ముడిపడిన మనకు ఈ విషయములో వేరువేరు లాభనష్టాలు లేవు.